సొమ్మసిల్లినవాడే వీరాభిమాని

వేదిక ముందు ఒకడు కళ్ళు తేలేసి పడితే మనవాళ్ళు ముందు ఫోను తీస్తారు. ఆ తర్వాత "చూశావా మావోడి క్రేజు!" అని మీసం దువ్వుతారు. నీళ్ళ సంగతి అన్నిటికన్నా ఆఖర్న. అదీ సీసాను గేటు దగ్గరే లాక్కోకుండా ఉంటేనే. మర్నాడు నిర్వాహకుడు ఫేస్‌బుక్‌లో రాస్తాడు, అభిమానుల ఉత్సాహం కట్టలు తెంచుకుందని. ఆ కట్టలు ఎవరు కట్టారో, ఎంత గట్టిగా కట్టారో మాత్రం రాయడు.

అభిమానం ముదిరితే స్పృహ తప్పుతుందన్నది మనం నమ్ముకున్న శాస్త్రం. దాన్ని చెడగొట్టడానికి బెర్లిన్‌లో ఇద్దరు డాక్టర్లు బయల్దేరారు. న్యూ కిడ్స్ ఆన్ ద బ్లాక్ అనే అమెరికా కుర్రాళ్ళ బృందం అక్కడ పాడినప్పుడు నాలుగు వందల మంది దాకా కుప్పకూలారు. లెంపర్ట్, బావర్ అనే ఆ డాక్టర్లు ప్రథమచికిత్సకు వచ్చిన 40 మంది అమ్మాయిలను కూర్చోబెట్టి అడిగారు. తేలిన సంగతిని 1995లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చేశారు. ప్రేమ అన్న రోగం అందులో లేదు. రాత్రి నిద్ర లేదు, పొద్దుటి నుంచి తిండి లేదు, గంటల తరబడి నిలువుకాళ్ళ జీతం, ఆయాసం, గొంతు చించుకునే అరుపులు, వెనక నుంచి తోపులాట. ఇంత చప్పటి నిజాన్ని ఏ హీరో మాత్రం పోస్టరు మీద వేయించుకుంటాడు?

ఒంట్లో జరిగేది ఇంకా చప్పగా ఉంటుంది. మనిషి నిలబడగానే అర లీటరు పైచిలుకు నెత్తురు కాళ్ళ వైపు దిగుతుంది. నడుస్తుంటే పిక్కలు దాన్ని పైకి తోస్తాయి. కదలకుండా ఇరుక్కుపోతే తోసే దిక్కుండదు. వేడికి చర్మంలోని నాళాలు వదులై ఇంకొంత నెత్తురు అటు మళ్ళుతుంది, చెమటలో నీరు పోతుంది. రొప్పితే నెత్తురులో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడుకు పోయే నాళాలు బిగుసుకుంటాయి. ఆపైన ఊపిరి బిగబట్టి "అన్నా!" అని ఒక్క కేక వేస్తే గుండెకు తిరిగొచ్చే నెత్తురు కూడా కాసేపు ఆగుతుంది. అప్పుడు ఒళ్ళు ఒక నిర్ణయం తీసుకుంటుంది: మనిషిని పడుకోబెట్టి తలను గుండె మట్టానికి దించడం. ఇందులో వెర్రి ఏమీ లేదు. ఆ మైదానంలో ఆ క్షణాన ప్రేక్షకుల క్షేమం గురించి ఎవరైనా ఆలోచించారంటే అది ఆ ఒళ్ళే.

కువైట్‌లో ఈ పాఠానికి పాటల కచేరీ కూడా అవసరం పడలేదు. 2024 సెప్టెంబరు 10న జాబర్ అల్ అహ్మద్ స్టేడియంలో కువైట్, ఇరాక్ జట్లకు ప్రపంచ కప్పు అర్హత మ్యాచ్ జరిగింది. టికెట్టు చేతిలో ఉన్నవాళ్ళు గేటు బయట వేడిలో ఉడికారు. లోపలికి చేరినవాళ్ళకు గుక్కెడు నీళ్ళు కరువయ్యాయి. జనం సొమ్మసిల్లారు. ఆట 0-0తో ముగిసింది. ఒక్క గోలైనా పడి ఉంటే, ఆనందం పట్టలేక పడిపోయారని చెప్పుకునే వీలుండేది. ఆ అదృష్టమూ లేకపోయింది. ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు, ఆ వెనకే ఫుట్‌బాల్ సంఘం పాలకవర్గం రాజీనామా ఇచ్చింది. ఆ వార్త చదివిన తెలుగువాడికి కళ్ళు తిరగాలి. జనం పడితే పెద్దలు కుర్చీ దిగడమా! మన సంఘాల్లో కుర్చీ దిగడమంటే పక్కనే ఇంకో సంఘం పెట్టడం.

ఆ దేశంలో ఎండంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. 2016 జూలై 21న అక్కడి మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. అందుకే జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు ఆరుబయట పని చేయించకూడదని నిబంధన పెట్టారు. మనిషిని వేడిలో నిలబెట్టి పని చేయిస్తే తప్పు. వేడిలో నిలబెట్టి వినోదపరిస్తే మాత్రం ఆతిథ్యం. పైగా సెప్టెంబరు వచ్చేసింది కదా, ఎండ కూడా నిబంధన చదువుకుని తగ్గి ఉంటుందని నిర్వాహకుల నమ్మకం కాబోలు.

కచేరీల మీద అక్కడ రచ్చ జరగలేదని కాదు. 2004లో స్టార్ అకాడమీ అనే టీవీ పాటల పోటీ గాయకులు కువైట్‌లో పాడితే సంప్రదాయవాదులు మండిపడ్డారు. ఇలాంటి కచేరీలు కూడవని ఫత్వా వచ్చింది. పార్లమెంటులో నిలదీతకు ముందే 2005 జనవరిలో సమాచార మంత్రి తప్పుకున్నారు. పాటకు ఒళ్ళు ఊగితే ఏమవుతుందో అన్న దిగులు అది. ఒళ్ళు కూలితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఇరవై ఏళ్ళు ఆగాల్సి వచ్చింది.

ఇక మన సంగతి. రాయచోటి, రాజంపేట, కోనసీమల నుంచి కువైట్ వెళ్ళి ఇళ్ళల్లో, డ్రైవింగులో, కంపెనీల్లో బతుకుతున్న జనం సినిమావాళ్ళు వస్తున్నారంటే ప్రాణం పెడతారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు వారానికో సెలవని 2015 నాటి 68వ చట్టం చెబుతోంది. ఆ సెలవు దొరికిన అక్క పొద్దున్నే లేచి, ఇంత కూడా తినకుండా, అక్కడి జిలీబ్ పేట నుంచి బస్సు పట్టుకుని వస్తుంది. పాంప్లెట్టులో ఆరింటికన్నారు. ఆరింటికి వేదిక మీద మైకు "హలో చెక్" అంటూ ఉంటుంది. ఏడున్నరకు దీప ప్రజ్వలన. తర్వాత బంగారు దుకాణం ఓనరుకు శాలువా, కార్గో కంపెనీ వారికి మెమెంటో, ట్రావెల్స్ వారికి పూలగుత్తి, బిర్యానీ హోటలు వారికి మళ్ళీ శాలువా. తెలుగు భాష తీపిదనం మీద అధ్యక్షులవారు ఇంగ్లీషులో నలభై నిమిషాలు. హీరో పదింటికి వస్తాడు, చెయ్యి ఊపుతాడు. సరిగ్గా అప్పుడు వెనకవాళ్ళంతా ఒక్క ఉదుటున ముందుకు ఉరుకుతారు. నాలుగు గంటలుగా నిలబడ్డ అక్క కూలుతుంది. "అన్నను చూసి తట్టుకోలేకపోయింది" అంటాడు యాంకరు. ఆమె తట్టుకోలేనిది అన్నకు ముందు వచ్చిన శాలువాలని.

సీట్ల లెక్కా చూడండి. ప్లాటినం, డైమండ్, గోల్డ్ అంటూ గనుల శాఖ పద్దులన్నీ అయిపోయాక మిగిలేది జనరల్. మొదటి వరసలో సోఫాలు. సోఫా మీద కూర్చున్నవాడు సొమ్మసిల్లినట్టు ఎప్పుడైనా విన్నారా? వాడికి అభిమానం తక్కువని కాదు, కాళ్ళ దగ్గర జాగా ఎక్కువ, చేతిలో నీళ్ళసీసా ఉంది. ఎంత గొప్ప భక్తుడైనా సోఫా ఎక్కగానే ఆరోగ్యవంతుడవుతాడు. వైద్యశాస్త్రంలో ఇంత చవకైన మందు ఇంకోటి లేదు.

అసలు భయపడాల్సింది పడేవాణ్ణి చూసి కాదు, పడలేనివాణ్ణి చూసి. చదరపు మీటరుకు ఏడుగురు చేరితే గుంపు వరదనీటిలా కదులుతుంది, ఎవరి కాళ్ళు వాళ్ళ మాట వినవు. స్పృహ పోయినవాడు నిలువునా ఇరుక్కుని ఉండిపోతాడు. ఒళ్ళు తీసుకున్న ఆ ఒక్క మంచి నిర్ణయమూ అమలు కాదు. ఊపిరితిత్తులు విప్పారే చోటుండదు. 2021లో అమెరికాలో ఆస్ట్రోవర్ల్డ్ కచేరీలో పదిమంది చనిపోయింది అలాగే, ఛాతీ నొక్కుకుపోయి. 2023 నవంబరులో రియోలో టేలర్ స్విఫ్ట్ కచేరీకి నీళ్ళసీసాలు రానివ్వలేదు. వేడికి 23 ఏళ్ళ అమ్మాయి ప్రాణం పోయింది. మర్నాడు ప్రభుత్వమే నీళ్ళు అనుమతించాలని హుకుం ఇచ్చింది. నీళ్ళ ప్రమాదం కన్నా దాహం ప్రమాదం పెద్దదని తెలుసుకోవడానికి ఒక శవం కావాల్సి వచ్చింది.

హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర 2024 డిసెంబరు 4 రాత్రి పుష్ప 2 ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి పోయింది, కొడుకు ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాడు. అక్కడ నాకు వ్యంగ్యం రాదు. ఆ తర్వాత వారాల తరబడి టీవీల్లో నడిచిన చర్చల మీద మాత్రం వస్తుంది. హీరో ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి పోయాడు, ఎవరికి ఎప్పుడు చెప్పారు అన్నదాని మీద అన్ని చానళ్ళూ గొంతు చించుకున్నాయి. ఏ తలుపు ఎంత వెడల్పు, దాంట్లోంచి ఎందరు పోగలరు అని కొలత టేపు పట్టుకున్న యాంకరును నేను చూడలేదు.

పడిపోవడానికి కారణం అభిమానమైతే నిర్వాహకుడికి నష్టమేమీ లేదు. అభిమానం మీది కాబట్టి తప్పూ మీదే. అందుకే ఆ మాట అంత ఇష్టంగా ప్రచారం చేస్తారు. ఈసారి మీ గదికి టికెట్లు అమ్మడానికి వచ్చినాయన్ని హీరో నిజంగా వస్తున్నాడా అని అడక్కండి. హాల్లో ఎందరికి చోటుంది, ఎన్ని టికెట్లు అమ్మారు, నీళ్ళెక్కడ పెడతారు, బయటికి తలుపులెన్ని అని అడగండి. జవాబు రాకపోతే ఆ దీనార్లు ఇంటికి పంపించండి. పాట యూట్యూబ్‌లో ఎలాగూ వస్తుంది.