సువా నుంచి మెల్‌బోర్న్‌కు: ఒక నమూనా పెట్టె ఆత్మకథ

నేను పెట్టెను. బయట గట్టి అట్ట, లోపల మందపాటి థర్మోకోల్, దాని నిండా డ్రై ఐస్. నా పక్కన యూఎన్ 3373 అనే గుర్తు ఉంటుంది. రోగుల నమూనాలు మోసేవాటికి వేసే ముద్ర అది. నన్ను గాలి చొరకుండా బిగించరు. డ్రై ఐస్ ఆవిరై వాయువుగా మారుతుంది కాబట్టి అది బయటకు పోయే దారి ఉండాలి, లేకపోతే పగిలిపోతాను.

ఫిజీలో ఫ్లూ రోగుల ముక్కు, గొంతు నుంచి తీసిన నమూనాలను మెల్‌బోర్న్‌లోని ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రానికి చేర్చడం నా పని. ఫిజీలో మూడు వందలకు పైగా దీవులున్నాయి. దూరపు దీవిలో తీసిన నమూనా పడవెక్కి రాజధాని సువాకు రావాలి. సముద్రం బాగోకపోతే ఆ పడవ రాదు. ఫ్రిజ్ చల్లదనంలో నమూనా రెండు మూడు రోజులే ఆగుతుంది. ఆపైన మైనస్ 70 డిగ్రీలు కావాలి, చిన్న దీవి ఆసుపత్రిలో అంత చలి ఎక్కడిది? చచ్చిన వైరస్ జన్యువులనైతే చదవొచ్చు. ఫ్లూ మందుకు అది లొంగుతుందో లేదో నేరుగా చూడాలంటే మాత్రం కణాల్లో పెంచాలి, అంటే బతికుండగా చేరాలి.

ఆ పరీక్ష చూడముచ్చటైనది. వైరస్‌లోని న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్ ఒక రసాయనాన్ని కోస్తే వెలుగు పుడుతుంది. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ కలిపితే ఆ వెలుగు తగ్గిపోవాలి. హైదరాబాద్‌లోనూ తయారయ్యే మందే అది. దాన్ని ఎంత కలిపినా వెలుగు తగ్గకపోతే, వైరస్ మందుకు లొంగడం లేదన్నమాట.

ఒక్క మార్పు చాలు. ఆ ఎంజైమ్‌లో 275వ స్థానంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం పోయి టైరోసిన్ వస్తే హెచ్1ఎన్1 వైరస్ మీద ఆ మందు దాదాపు పనిచేయదు. 2008 జనవరిలో అలాంటి వైరస్ నార్వేలో పెద్ద ఎత్తున బయటపడింది. అక్కడ ఆ మందు వాడేవాళ్లే తక్కువ. ఏడాది తిరిగేసరికి అప్పటి సీజనల్ హెచ్1ఎన్1 ప్రపంచమంతటా దాదాపు అలాగే మారిపోయింది. 2011లో ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ చుట్టుపక్కల కూడా అంతే, మందుకు లొంగని హెచ్1ఎన్1 సోకినవాళ్లలో దాదాపు ఎవరూ ముందు ఆ మందు వేసుకోలేదు. 'మా దీవిలో ఆ మందే దొరకదు, మాకెందుకీ పరీక్ష?' అనేవాళ్లకు జవాబు ఇదే.

బయటి నుంచి వచ్చే ఫ్లూ దీవులను ఏం చేయగలదో పాత కథే చెబుతుంది. 1918 నవంబరులో తాలూన్ అనే ఓడ ఆక్లాండ్ నుంచి వచ్చి పశ్చిమ సమోవాలో ఫ్లూను దించింది. అక్కడి జనంలో అయిదో వంతుకు పైగా పోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా ఓడలను కట్టడి చేసింది, అక్కడ ఒక్కరూ చావలేదు. ఇప్పుడు ఫ్లూ వచ్చిన ప్రతిసారీ విమానాలను అలా ఆపలేం. వచ్చిన వైరస్ ఎలాంటిదో త్వరగా తెలుసుకోవడమే మన చేతిలో ఉంది.

అందుకే నర్సమ్మలకు, విమాన సిబ్బందికి నా విన్నపం: జ్వరం మొదలైన మూడు నాలుగు రోజుల్లోపే నమూనా తీయండి. బరువెక్కువై సరుకు దించాల్సి వస్తే, నన్ను మాత్రం దించకండి.