కంకాళ పద్యానికి షరఫియా వ్యాఖ్య

అవతారిక

జెడ్డాలో మదీనా రోడ్డు పక్కన షరఫియా అనే పేట ఉంది. మలయాళం బోర్డులు, కార్గో ఆఫీసులు, కరివేపాకు దొరికే బకాలాలు, మంచాలు పోగా నడవడానికి చోటు మిగలని రూములు. అలాంటి ఒక రూములో, సెలవుకు ముందరి గురువారం రాత్రి, ఈ పద్యం పుట్టింది. కర్త ఎవరన్నది తేలలేదు. జగిత్యాల శాఖవారు మావాడే అంటారు. "యతి అంటే ఏందో ఎరుగుదురా మీరు?" అని రాయచోటి శాఖవారు ఎదురడుగుతారు. సందర్భం మీద మాత్రం పేచీ లేదు. కంట్రోలరు పట్టిన తమ్ముడొకడు గేములోని నేలమాళిగలో అస్థిపంజరాల మీద పొడుగు కత్తి ఝళిపిస్తూ చచ్చి, మళ్లీ బతికి, మళ్లీ అదే కత్తి దూస్తున్నాడు. అతని వెనక, పై మంచం మీద నిద్ర పట్టని పెద్దన్న నోట వెలువడిన ఉపదేశం ఇది.

మూలం

కత్తి దూయనేల కంకాళమునుఁ గాంచి
కోయఁ గండ లేదు కోఁత సగమె
గదను బట్టి కొట్ట గాయమ్ము రెట్టింపు
విషము చల్లువాఁడు వెఱ్ఱివాఁడు

ప్రతిపదార్థం

కంకాళమునున్ = తోలూ కండా లేకపోయినా నడిచి వచ్చే ఎముకల పోగును; కాంచి = చూచి; కత్తిన్ దూయన్ ఏల = ఒరలోంచి కత్తి తీయడం ఎందుకు; కోయన్ = కోద్దామంటే; కండ లేదు = మాంసం లేదు; కోఁత = కోత జాతి డ్యామేజీ; సగమె = సగమే; గదను = సుత్తి, దుడ్డుకర్ర, ముళ్ల ఇనపగుండు వగైరా మొద్దు ఆయుధాన్ని (ఆంజనేయస్వామి చేతిదే కావాలన్న పట్టింపు లేదు); పట్టి కొట్టన్ = పట్టుకుని మోదితే; గాయమ్ము = తెర మీద ఎగిరే అంకె; రెట్టింపు = రెండింతలు; విషము చల్లువాఁడు = కాలేయం లేనివాడి మీద విషం కుమ్మరించేవాడు; వెఱ్ఱివాఁడు = దీని అర్థం మీద వివాదం ఉంది, చివర చూడండి.

తాత్పర్యం

తమ్మీ, ఆయుధం మార్చు.

విశేష వ్యాఖ్య

"కత్తి దూయనేల." ఇది ప్రశ్న కాదు, మందలింపు. కత్తి మంచిదే, పదునుకూ లోటు లేదు. దాని ఎదుట నిలిచినవాడు కత్తికి తగినవాడు కాడు, అంతే. ఇక్కడే పద్యకర్త పూర్వుల మార్గం వదిలిపెట్టాడు. పూర్వులెవరు? అగ్నిపురాణంలోని ధనుర్వేదం ఆయుధాలను అయిదుగా విభజించింది: వింటివంటి యంత్రంతో విడిచేవి, చేత్తో విసిరేవి, విసిరి వెనక్కి తీసుకునేవి, విడవకుండా పట్టుకునేవి, చివరికి ఉత్త చేతులు. అంటే ఆయుధం పట్టినవాడిని ఎలా విడిచిపోతుందన్నదే ఆ శాస్త్రానికి ముఖ్యం, తగిలిన చోట ఏమవుతుందో దానికి పట్టదు. తొమ్మిదో శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫా ముఅతసిం కోసం అల్ కిందీ కత్తుల మీద గ్రంథం రాశాడు. ఆయన లెక్క వేరు. గనిలో దొరికిన ఇనుమా, చేసిన ఉక్కా? గని ఇనుమైతే గట్టిదైన మగ ఇనుమా, మెత్తనైన ఆడ ఇనుమా? కత్తి ఏ దేశంలో పుట్టింది? శ్రేష్ఠమైన వాటిలో యెమెను కత్తులతో పాటు హిందూదేశపు కత్తులనూ లెక్కించాడు. కులగోత్రాలు అడిగి పిల్లనిచ్చే పద్ధతి.

ఈ గోత్రం విషయంలో నిజామాబాదు వారికి చెప్పుకోదగ్గ వాటా ఉంది. డమాస్కస్ కత్తులని లోకం పొగిడిన రకానికి కావలసిన మూస ఉక్కు ముద్దలు మన కోనసముద్రంలో తయారయ్యేవి. 1820ల్లో అక్కడి కొలుములు చూడబోయిన హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు, ఇస్ఫహాను నుంచి వచ్చి మకాం వేసి ఉక్కు కొంటున్న పారసీక వర్తకుడి గురించి రాశాడు. ఉక్కును వెతుక్కుంటూ వాళ్లు ఆ ఊరికి వచ్చారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఇఖామా అనే నివాసపత్రం జేబులో పెట్టుకుని ఇటు వచ్చారు. జగిత్యాల శాఖవారు దీన్ని కూడా తమ ఖాతాలో వేసుకోబోతే, కోనసముద్రం వేరే జిల్లా అని సభ నిరాకరించింది.

ఇక మన గేముల శాస్త్రం. అది ఆయుధాన్ని కన్న ఊరినీ అడగదు, పట్టిన చేతినీ అడగదు, దెబ్బ తిన్నవాడినే అడుగుతుంది. కోసుకుపోయిందా, గుచ్చుకుందా, పగిలిందా, కాలిందా? గొడ్డలైనా కొడవలైనా అడ్డకత్తైనా తగిలినవాడికి కోతే. ఈటె, బాణం, పిడిబాకు, మూడూ పోటే. లోకంలో ఆయుధాల పట్టికలన్నీ కొట్టేవాడి వైపు నిలబడి రాసినవైతే, కొట్టించుకునేవాడి వైపు నుంచి రాసిన పట్టిక ఇదొక్కటే కనిపిస్తుంది నాకు.

పూర్వపక్షం: వైద్యులు కూడా గాయాన్ని చూసే రాస్తారు కదా? రాస్తారు, కానీ దెబ్బ తగిలాక. ఇది తగలకముందే రాసిపెట్టిన పంచనామా. మరి చట్టం? 1860 నాటి భారత శిక్షాస్మృతి 324వ సెక్షను చదివితే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కాల్చేవి, పొడిచేవి, కోసేవి, నిప్పు, కాగిన వస్తువు, విషం, ఒంటిని తినేసే ద్రవ్యం, పేలుడు పదార్థం, చివరికి జంతువు. డ్రాగన్ ఒక్కటే తక్కువ. అయితే పద్యానికీ సెక్షనుకూ గద దగ్గర చుక్కెదురు. ప్రాణం తీయగల సాధనమైతే తప్ప మామూలు కర్ర దెబ్బ 323లోకే జారిపోయేది, శిక్ష ఏడాది దాటదు. కత్తికైతే మూడేళ్ల దాకా. అస్థిపంజరాలకు ఓటుహక్కు లేకపోవడం వల్ల ఈ అన్యాయం 2024 జూలైలో కొత్త సంహిత వచ్చాక కూడా సాగుతోందని రాయచోటి శాఖ.

"కోఁత సగమె." ఇక్కడ పాఠభేదాలు ఉన్నాయి, కాస్త ఓపిక పట్టాలి. ఈ విద్యకు మూలపురుషులు అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. వారి డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. అంతకు ముందే, 1971లో, గైగాక్స్ జెఫ్ పెరెన్‌తో కలిసి చెయిన్‌మెయిల్ అనే బొమ్మల యుద్ధపు నియమావళి వేశాడు. ఏ ఆయుధం ఏ కవచం మీద ఎంత పనిచేస్తుందో అందులో పట్టిక ఉంది. గొలుసు కవచం కోతను ఆపుతుంది, సుత్తి దెబ్బకు మాత్రం లోపలి ఎముక విరుగుతుంది. ఈ లోకజ్ఞానమే మొదట అంకెలైంది. తరవాత కవచం పోయి ఎముకలే మిగిలినప్పుడు కూడా సుత్తి పని మానలేదు.

1989 నాటి రెండో కూర్పులో అస్థిపంజరానికి పదునైన ఆయుధంతో సగం దెబ్బే. మూలంలోని "సగమె" అక్కడిది. 2003 నాటి కూర్పు సగం తీసేసి, గుద్దు కాని ప్రతి దెబ్బలోంచీ అయిదు తగ్గించమంది. సగానికీ అయిదుకూ తేడా ఏముందని తొందరపడేవాడు వ్యాఖ్యానం చదవడానికి తగడు. సగం అందరికీ సమానమే, పెద్దవాడి దగ్గరా సగం, చిన్నవాడి దగ్గరా సగం. అయిదు అలా కాదు. నాలుగు ముఖాల పాచిక వేసే పిడిబాకు, బలం చేర్పులు పక్కన పెడితే, నాలుగు దాటదు కనుక ఎన్నిసార్లు దించినా సున్నే. రెండు ఆరు ముఖాల పాచికలు వేసే పెద్ద కత్తి సగటున ఏడు కొడుతుంది కనుక రెండైనా దక్కుతుంది. రియాలు పంపినప్పుడు ఎక్స్చేంజివాడు తీసుకునే రుసుము కూడా ఈ రెండో పద్ధతే. పదివేలు పంపినవాడికి తెలియదు, రెండొందలు పంపినవాడికి తెలుస్తుంది. గేములు రాసేవాళ్లలో ఎక్కువమంది చివరికి సగాన్నే ఎందుకు ఎంచుకున్నారో దీన్ని బట్టి ఊహించవచ్చు.

"రెట్టింపు." ఇది 2014 నాటి అయిదో కూర్పు మాట. తమాషా ఏమంటే, ఆ కూర్పులో అస్థిపంజరం మీద కత్తి పూర్తిగా పనిచేస్తుంది. అంటే మన పెద్దన్న రెండో పాదం ఒక కూర్పులోంచి, మూడూ నాలుగూ పాదాలు పాతికేళ్ల తరవాతి కూర్పులోంచి తెచ్చి ఒకే పద్యంలో కూర్చాడు. దోషమా? దోషమే. కానీ గేములు కూడా ఇలాగే పుట్టాయి. 1996 నాటి డయాబ్లోలో కత్తి ప్రేతాల మీద సగం, మృగాల మీద ఒకటిన్నర. మొద్దు ఆయుధం ప్రేతాల మీద ఒకటిన్నర, మృగాల మీద సగం. ఇంత తూకంగా చేసినదాన్ని శాస్త్రమంటారు. మిగతాది అనుభవం.

గదకు ఇంత గౌరవం ఎందుకంటే ఇంకో కారణం చెబుతారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి కూర్పుల్లో మతగురువు వేషానికి పదునైన ఆయుధం నిషిద్ధం, రక్తం చిందించరాదట. 1066 హేస్టింగ్స్ యుద్ధాన్ని కుట్టిన బాయూ వస్త్రంలో బిషప్ ఓడో దుడ్డుకర్ర పట్టుకుని ఉంటాడు, ఆచారానికి అదే సాక్ష్యమని పాతవాదం. గదతో నెత్తిన మోదితే రక్తం రాదని ఏ బిషప్ చెప్పాడో గాని, దుర్యోధనుణ్ణి అడిగితే వేరేలా చెప్పేవాడు. ఏమైనా ప్రేతాలను తరిమే పనీ, గద పట్టే పనీ ఒక్కడికే పడటంతో జోడీ కుదిరింది.

పూర్వపక్షం మళ్లీ: నిప్పుకు నీరు విరుగుడనే ముచ్చట మనకు కొత్తా? ఆగ్నేయానికి వారుణం, నాగాస్త్రానికి గారుడం, సినిమాల్లో రెండు బాణాలు ఆకాశంలో ఎదురెదురుగా వచ్చి ముద్దెట్టుకోవడం చూసి పెరిగినవాళ్లం. నిజమే. అయితే అక్కడ అస్త్రం అస్త్రాన్ని ఆపుతుంది, ఒంటికి గుణం లేదు. ఒంటికే గుణం కావాలంటే హిరణ్యకశిపుడి దగ్గరికి వెళ్లాలి. మనిషి వల్ల గాని మృగం వల్ల గాని, ఇంట గాని బయట గాని, పగలు గాని రాత్రి గాని, ప్రాణమున్నదానితో గాని లేనిదానితో గాని చావు రాదని రాయించుకున్న పట్టిక అది. ఇంత శ్రద్ధగా నిరోధాలు పూరించిన ఆటగాణ్ణి నేను ఏ గేములోనూ చూడలేదు. గోళ్లు అనే గడి ఖాళీగా వదిలాడు. రావణుడైతే నరవానరుల గడి చూసి కూడా, ఇదెందుకులే అని వదిలేశాడు. ఆ రెండో రకం పొరపాటు చేసేవాళ్లు మా రూములో ఇద్దరున్నారు.

అయిదో కూర్పులో డ్యామేజీ జాతులు మొత్తం 13. మూడు లోహానివి, పది మాయవి. మెరుపు ఒక జాతి, ఉరుము ఇంకో జాతి. పిడుగు పడితే ఏది లెక్కేసుకోవాలో వానాకాలంలో పొలానపడి పెరిగినవాడు చెప్పలేడు. ఫోర్సు అని ఇంకొకటుంది, దాని అర్థం ఏ టీకాకారుడికీ తెలియదు. తెలియదనడం సంప్రదాయం కాదు కనుక "శుద్ధశక్తి" అని రాసి తప్పుకున్నారు. వీటన్నిటిలో నా మనసు దోచింది మానసిక జాతి. ఆ కూర్పులో గాయకుడి వేషానికి ఒక చిన్న మంత్రం ఉంది: ఎదుటివాణ్ణి తిడతాడు, తిట్టు తగిలితే నాలుగు ముఖాల పాచిక పడుతుంది. వేములవాడ భీమకవి కథలు విన్నవాడికి పాచిక చిన్నదనిపిస్తుంది. కాని నియమంలో ఒక మెలిక ఉంది: తిట్టు వినబడితే చాలు, అర్థం కానక్కర్లేదు. ఇది షరఫియాలో రోజూ నిరూపణ అవుతూనే ఉంది. పార్కింగు దగ్గర తెలుగువాడు తెలుగులో తిడతాడు, పఠాను పష్తోలో బదులిస్తాడు, ఇద్దరూ గాయపడతారు.

పట్టికల సంగతి వచ్చింది కనుక ఈ రాజ్యానికి సంబంధించిన ముచ్చట ఒకటి. పిల్లలకు రెట్టింపు, సగం, సున్న అనే మూడు మాటలు నేర్పిన అతిపెద్ద బడి పోకెమాన్. 1996లో 15 జాతులతో మొదలై 2013కి 18 అయింది. దయ్యం జాతికి మామూలు దెబ్బ తగలదు, ఉక్కు జాతికి విషం ఎక్కదు. 2001లో సౌదీ మతపెద్దలు దీన్ని జూదమనీ ఇంకా ఏవేవో అనీ నిషేధించారు. 2025లో పోకెమాన్ గో నడిపే వ్యాపారాన్ని 350 కోట్ల డాలర్లకు స్కోప్లీ కొన్నది. ఆ స్కోప్లీ సావీ గేమ్స్ గ్రూపుది. సావీ సౌదీ పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండుది. నిషేధం మీద ఏ జాతి దెబ్బ రెట్టింపుగా పడుతుందో పట్టికలో లేదు గాని, అందరికీ తెలుసు.

"విషము చల్లువాఁడు వెఱ్ఱివాఁడు." విషం ఎక్కడానికి రక్తం కావాలి, కనుక సున్న. ఇంతవరకు ఏకాభిప్రాయం. కాని వెఱ్ఱివాఁడు అన్న మాట న్యాయమేనా? హైదరాబాదు భాయి అభ్యంతరం వినదగ్గది: "ఉన్నదే అది అన్నా, ఇంకేం చల్లాలె?" 2000లో వచ్చిన రెండో డయాబ్లోలో కష్టపడి సంపాదించిన పాయింట్లన్నీ ఒకే విద్య మీద పోసినవాడు నరకమనే చివరి అంచెకు చేరేసరికి ఆ విద్య అసలు తగలనివాళ్లు గుంపులుగా ఎదురయ్యేవారు. పైగా అక్కడ తన నిరోధాల్లోంచి కూడా పెద్ద కోత పడేది. పోసిన పాయింటు వెనక్కి తీసే దారి ఆ గేములో పదేళ్ల పాటు లేదు, 2010లో వచ్చిన సవరణతో గాని రాలేదు. కాబట్టి కాలాన్ని బట్టి అన్వయించుకోవాలి: 2010కి ముందరివాడైతే దౌర్భాగ్యుడు, తరవాతివాడైతే వెఱ్ఱివాఁడు, ఇవాళ మా రూములో ఉన్నవాడైతే ఆకుపచ్చ పొగ అందంగా ఉందని చల్లుతున్నాడు.