ఇరవయ్యొక్క గేర్ల పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఆధారం లేని మాట ఒక్కటీ రాయనని పూనిక పట్టి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య చెప్పిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. ఆయనకు మేఘసందేశం దొరికింది. మనకు దొరికింది సైకిలు. ఈ పద్యకర్త ఎవరో తెలియదు. ప్రతి మాత్రం ఒక సైకిలు షాపు బిల్లు వెనక, గ్రీజు వేలిముద్రల నడుమ, లభించింది. బిల్లు మొత్తం చూస్తే ఇది శోకం నుంచి పుట్టిన కవిత్వమేనని తేలుతుంది.

ఇరువదొక్క గేరు లేడింట నడువగా
పండ్లు మార్చ నేగి బండి మార్చె
చైను మారె హబ్బు చక్రము మారెను
కొండ యొకటె మారకుండె నయ్య

ప్రతిపదార్థం

ఇరువదొక్క గేరులు = ముందు మూడు, వెనక ఏడు, వాటిని హెచ్చవేయగా వచ్చిన ఇరవయ్యొక్క గేర్లు; ఏడింటన్ = ఏడింటితోనే; నడువగా = ఎలాగో రోజులు వెళ్లిపోతుండగా; పండ్లు = పంటిచక్రాలకుండే పళ్లను (తినేవి కావు, డాక్టరు పీకేవీ కావు); మార్చన్ = మార్పించుటకై; ఏగి = షాపుకు పోయి; బండి = సైకిలు యావత్తును; మార్చెన్ = మార్చినవాడాయెను; చైను, హబ్బు, చక్రము = ఆయా పేర్లు గల భాగములు; మారెన్ = మారినవి; కొండ యొకటె = దేనికోసం ఇదంతా తలపెట్టాడో ఆ కొండ మాత్రము; మారకుండెన్ = ఉన్న ఎత్తుననే ఉండెను; అయ్య = మెకానిక్కును ఉద్దేశించిన సంబోధన. ఉత్త నిట్టూర్పు అని కొందరు.

తాత్పర్యం

పాత గేర్లు తీసి కొత్తవి వేయిద్దామని వెళ్లిన సైక్లిస్టు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయి దాదాపు కొత్త సైకిలు కొన్నంత పని చేశాడని, అయినా ఎక్కవలసిన కొండ ఎక్కవలసినట్టే ఉందని భావం.

విశేషాలు

ఏడింట: ఇరవయ్యొకటి ఉంచుకుని ఏడింటితో నడపడమేమిటని శంక. ఎడమచేతి వైపున్న మీట 2 అనే అంకె దగ్గర తుప్పుపట్టి ఉన్న సైకిళ్లను చూసినవారికి ఈ శంక రాదు. ముందు పళ్లచక్రాల్లో నడిమిదాని మీద చైను వేసి, కుడిచేతితో వెనక ఏడూ తిప్పుకుంటూ సైకిలు జీవితకాలం గడిపేసేవారే ఎక్కువ. వారిది బద్ధకమని తోసేయలేం, లెక్క వారి పక్షానే ఉంది. సాధారణంగా ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28 దాకా పళ్లు ఉంటాయి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో భాగించి చూడండి. 42ను 28తో భాగిస్తే ఒకటిన్నర. 24ను 16తో భాగించినా అదే ఒకటిన్నర. 34కు 16 అయితే 2.125, 42కు 20 అయితే 2.10. ఈ తేడా మోకాలికి తెలియదు. ఇలాంటివి ఏరేస్తే ఇరవయ్యొకటిలో నికరంగా మిగిలేవి పధ్నాలుగు. తక్కినదంతా పునరుక్తి దోషం. డబ్బా మీద 21 అని అచ్చువేసినవారికి అది దోషమని తోచలేదు.

మరొకటి దూరాన్వయ దోషం. ముందు అన్నిటికన్నా పెద్ద చక్రం బయటి అంచున, వెనక అన్నిటికన్నా పెద్ద చక్రం లోపలి అంచున ఉంటాయి. ఆ రెండింటినీ కలిపితే చైను ఏటవాలుగా సాగి, గరగరమని గోల పెట్టి, త్వరగా అరిగిపోతుంది. అంటే ఉన్న ఇరవయ్యొకటిలో కొన్నిటిని వాడకూడదని చెప్పి మరీ అమ్మారన్నమాట.

పండ్లు మార్చ నేగి: పద్యానికి ఆయువుపట్టు ఇక్కడుంది. నాయకుడు కోరినది ముందు ఒకే చక్రం, వెనక పదకొండు. ఈ ఒంటిచక్రపు పద్ధతిని 2012లో శ్రామ్ కంపెనీ కొండసైకిళ్లలో పైస్థాయి వారికి తెచ్చింది. 2020లో షిమానో తన డియోర్ వరుసలో 11 నుంచి 51 పళ్ల దాకా ఉన్న పదకొండు గేర్ల క్యాసెట్టు, అంటే వెనక పళ్లచక్రాల గుత్తి, ఇచ్చింది. కోరిక న్యాయమైనదే. కాని పాత సైకిలుకు వెనక ఉండేది ఫ్రీవీలు. అది హబ్బు మీది మరలకు బిగుసుకుని ఉంటుంది, ఒకవైపే తిరిగే యంత్రం దాని కడుపులోనే ఉంటుంది. కొత్త క్యాసెట్టులో ఆ యంత్రం హబ్బుకే చెందుతుంది. పళ్లచక్రాలు గాళ్లు ఉన్న దిమ్మె మీదికి జారి కూర్చుంటాయి. కాబట్టి హబ్బు మారాలి. హబ్బు మారితే పుల్లలన్నీ విప్పి చక్రం మళ్లీ అల్లాలి, లేదా చక్రమే కొనాలి. పదకొండు చక్రాలు అంత ఇరుకులో పట్టాలంటే చైను సన్నబడాలి: ఏడు గేర్ల చైను వెడల్పు 7 మిల్లీమీటర్ల పైన, పదకొండుకు అయిదున్నర. లంకెకు లంకెకు నడుమ దూరం మాత్రం రెండిటికీ 12.7 మిల్లీమీటర్లే. ఇక చైనును ఒక చక్రం మీది నుంచి మరోదాని మీదికి నెట్టే పాత డిరైలర్‌కు 51 పళ్ల మీదికి ఎగబాకే చెయ్యి లేదు, పాత మీటకు పదకొండు క్లిక్కులు లేవు. ముందు మూడు చక్రాలు రివెట్లతో ఒకటిగా బిగించి ఉంటే క్రాంకు కూడా పోతుంది. కవి చైను, హబ్బు, చక్రమని మూడే చెప్పి ఊరుకున్నాడు. ఆటవెలది పాదంలో అంతకంటే పట్టదు, బిల్లులో పడుతుంది.

మార్చె: ఈ క్రియకు కర్త లేడు. మెకానిక్కు మార్చెనా, నాయకుడు మార్చెనా? డబ్బు కట్టినవాడే కర్త అని సిద్ధాంతం.

ఇక్కడ ఒక ప్రసక్తానుప్రసక్తం. జపానులోని సకాయి పట్టణంలో 1921లో మొదలైన షిమానో మొట్టమొదట తయారుచేసిన వస్తువు ఫ్రీవీలే. 1978లో ఒకవైపే తిరిగే యంత్రం హబ్బులోనే ఉండే ఫ్రీహబ్బు తెచ్చి, తన తొలి బిడ్డను తానే పక్కకు నెట్టింది. 1984లో డ్యూరా-ఏస్ వరుసలో క్లిక్కు పద్ధతి పెట్టింది. అంతకుముందు మీటను కొద్దికొద్దిగా జరుపుతూ, చైను ఎక్కడ కుదురుకుందో చెవితో పట్టుకోవాల్సి వచ్చేది. క్లిక్కు వచ్చాక ఆ విద్య రైడరు చేతిలోంచి జారి మెకానిక్కు చేతికి వెళ్లింది.

ఆ విద్య చూడదగ్గది. సైకిలును స్టాండుకు వేలాడదీసి మెకానిక్కు ఒక చేత్తో పెడల్ తిప్పుతాడు. రెండో చేతి రెండు వేళ్లతో కేబులు చివరి చిన్న పిడిని పావు చుట్టు తిప్పుతాడు. చైను టకటకమంటుంది. ఇంకో పావు చుట్టు. టకటక తగ్గి సన్నటి బుస్సు మిగులుతుంది. అప్పుడు మీట నొక్కుతాడు. చైను ఎక్కితే సరే. ఎక్కక పై చక్రాన్ని గీరుకుంటూ ఉంటే ఇంతసేపూ తిప్పిన పిడిని వదిలేసి, సైకిలు వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చుని, డిరైలర్ వేలాడే హ్యాంగరు వంకర పోయిందేమో ఒక కన్ను మూసి చూస్తాడు. హ్యాంగరు వంకరగా ఉన్నంతకాలం పిడి ఎంత తిప్పినా యతిభంగం తప్పదు. ఈ సంగతి తెలియని షాపులో మీకు కొత్త డిరైలర్ అంటగడతారు.

కొండ: ఇక్కడ ఉపలక్షణం. విశాఖవారు కైలాసగిరి అనీ, హైదరాబాదువారు వికారాబాదు దగ్గరి అనంతగిరి అనీ అన్వయించుకోవాలి. కొండలేని ఊరివారికి ఫ్లైఓవరు.

మారకుండె: అలంకారం విశేషోక్తి, కారణాలన్నీ ఉండగా కార్యం కలగలేదు గనుక. కాని ఈ చోట కవితో మాకు పేచీ ఉంది. పాత గేర్లలో అతి తేలికైనది 24కు 28. ఇరవయ్యారు అంగుళాల చక్రమైతే పెడల్ ఒక చుట్టుకు సైకిలు సుమారు 1.75 మీటర్లు కదులుతుంది. కొత్తదానిలో ముందు 32, వెనక 51 అయితే సుమారు 1.3 మీటర్లే. కిలోమీటరు ఎక్కడానికి పాతదానిపై సుమారు 570 చుట్లు తొక్కాలి, కొత్తదానిపై 775. చేయవలసిన పని తగ్గలేదు, దాన్ని చిన్న చిన్న వాయిదాల్లో కట్టే వెసులుబాటు దొరికింది. వేగం సంగతి అడక్కండి. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు అయిదు కిలోమీటర్లు కూడా రాదు. వాకింగుకు వచ్చిన పెద్దాయన పలకరించి మరీ దాటిపోతాడు. అయినా దిగి తోసుకుపోకుండా పైకి చేరాడు కదా. కవి ఆ మాట చెప్పకపోవడం కృతఘ్నత.

గేర్లతో ఎక్కేది ఎక్కడమే కాదనే పూర్వపక్షం కూడా ఒకటుంది. టూర్ ద ఫ్రాన్స్ పందెం పెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌ది ఆ మతమే. ఆ పందెంలో ప్రధాన పోటీదారులకు 1937 దాకా డిరైలర్ అనుమతి దొరకలేదు. గేరు మార్చాలంటే వాళ్లు ఆగి, దిగి, వెనక చక్రం ఊడదీసి తిప్పి బిగించుకునేవారు. ఈ మతాన్ని ఖండించడానికి వేరే శాస్త్రం అక్కర్లేదు, నలభై దాటిన మోకాలు చాలు.

పాఠాంతరం

"అప్పు యొకటె మిగిలి యుండె నయ్య" అని నాలుగో పాదానికి ఒక పాఠం కనిపిస్తున్నది. యతి చెల్లలేదు. ఉత్వసంధి నిత్యం గనుక "అప్పొకటె" అని ఉండవలసింది. ప్రక్షిప్తమని తోసివేయాలి. అర్థం మాత్రం కుదిరినంత బాగా కుదిరింది.

వ్యాఖ్యాత విన్నపం

మీ సైకిలుకు వెనక ఉన్నది ఏడు గేర్ల ఫ్రీవీలైతే, పదకొండు గేర్ల జోలికి పోకండి. 14 నుంచి 34 పళ్ల దాకా ఉన్న ఏడు గేర్ల ఫ్రీవీలు దొరుకుతుంది. అది మీ పాత హబ్బుకే బిగుస్తుంది, పాత మీటతోనే పనిచేస్తుంది. ముందు చిన్న చక్రం వాడితే పెడల్ చుట్టుకు సుమారు 1.45 మీటర్లు, కొండకు అది చాలు. వెనక పళ్లు పెరిగాయి గనుక కొత్త చైను వేయించుకోండి. కొనేముందు మీ డిరైలర్ 34 పళ్ల దాకా అందుకుంటుందో లేదో మాత్రం అడిగి తెలుసుకోండి.