అపార్ట్‌మెంట్ భోగి నోటీసు: టీకా తాత్పర్యాలు

మూలము: రేపు తెల్లవారుజామున 4 గంటలకు సెల్లార్ ముందు భోగిమంట. అందరూ పాత సామాన్లతో రాగలరు. ప్లాస్టిక్, టైర్లు నిషేధం. – కమిటీ

ప్రతిపదార్థము: రేపు = ధనుర్మాసపు కడపటి నాడు, అనగా జనవరి 13నగాని 14నగాని; 4 గంటలకు = సెక్రటరీగారు ఒక్కరే వచ్చు వేళకు (తక్కినవారికి ఐదున్నర అని గ్రహించునది); భోగిమంట = వాచ్‌మన్ రాజేయగా ప్రెసిడెంటుగారు వెలిగించినట్లు ఫొటోలో పడునది; అందరూ = మెయింటెనెన్స్ బాకీదారులు సైతము; రాగలరు = రారని తెలిసియు పిలుచుట.

తాత్పర్యము: సుగమము.

శంక: పాత సామాన్లనగా నేవి? వెనకటి మంటలో విరిగిన మంచపుకోళ్లు, అరిగిన చీపుళ్లు, ఊడిన తాటాకులు పడెడివి. నేటి కుర్చీ ప్లాస్టిక్కు, మంచము ఇనుము. బీరువాయో, జిగురు కలిపి నొక్కిన రంపపుపొట్టు. అది కాలిన కండ్లు మండును. పాత క్యాలెండరు వేయుదమన్న దానిపై వేంకటేశ్వరస్వామి యున్నాడు. మరి కాలునదేమి?

సమాధానము: అడితిలో తూకానికి కొన్న సరుగుడు కట్టెలు. అవి కొత్తవి గనుక ‘పాత’ యను విశేషణము వానికి చెల్లదు, చుట్టూ నిలిచి చలి కాచుకొనువారికి చెల్లునని ఒక వ్యాఖ్యాత. ఆయన మూడవ అంతస్తులో అద్దెకుండును. సొంత ఫ్లాటువారు ఈ అర్థమును అంగీకరింపరు.

టైర్ల నిషేధము సహేతుకము. 2018 భోగినాడు చెన్నైలో మంటల పొగ మంచుతో కలిసి విమానములనే దిగనీయలేదు.

అధ్యాహారము: గచ్చు పగులకుండ అడుగున ఇసుక పోసి ఇటుకలు పేర్చుట మూలమున లేకున్నను కలుపుకొనవలెను. పిల్లల మెడలోని పిడకల దండయు నిట్లే. గొబ్బెమ్మలెండిన పిడకలకు బదులు ప్యాకెట్టులో వచ్చినవైనను, మంటలో వేయుటకు ముందు తల్లులు సెల్ఫీకై ఆగుమనుట శాస్త్రము.

విశేషము: ఐదవ అంతస్తు మామ్మగారు బిందెడు నీళ్లతో లిఫ్టులో దిగి, నిప్పులమీద కాచుకొని, మనుమని తలంటికి మోయించుకొని పోవును. గీజరుండగా నిదేల యన్న, గీజరు నీళ్లకు పొగవాసన రాదని ఆమె సమాధానము. దీనికి ప్రతిశంక లేదు. లిఫ్టులో ఒలికిన నీళ్లపై కమిటీవారి రెండవ నోటీసు కనుమ నాటి పాఠము.