మద్దెల ఓడు

డిసెంబరు సెలవులు మొదలైన రోజే పికోలో వచ్చింది. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా వంటింటి బల్ల మీద పెట్టి విప్పాను. జానెడున్నర కూడా లేని వాద్యం. నల్లగా నిగనిగలాడే గ్రెనడిల్లా కర్ర, దాని మీద బారుగా వెండి మీటలు. టాంజానియా, మొజాంబిక్ అడవుల్లో పెరిగే చెట్టది. నీళ్లలో వేస్తే తేలకుండా మునిగిపోయేంత చేవ.

అప్పటిదాకా మా అమ్మాయి చిన్నీ స్కూల్ వాళ్ల ప్లాస్టిక్ పికోలో వాయించేది. ఎండకీ చలికీ కర్ర పగిలిపోతుంది కాబట్టి ఫుట్‌బాల్ మైదానంలో మార్చింగ్ బ్యాండ్ పిల్లలకి ప్లాస్టిక్‌దే ఇస్తారు. దాని మీదే చక్కగా వాయించేది. కానీ హాల్లో కచేరీకి కర్రదైతే ఆ అందమే వేరు. ఫ్లూట్ కంటే ఒక స్థాయి పైన పలికే పికోలో గొంతులో కీచుదనం తగ్గి, తియ్యదనం వస్తుంది.

ఊళ్లో దుకాణం వాళ్లు ఇదే వాద్యానికి 2,300 డాలర్లు చెప్పారు. ఇచ్చే ముందు తమ టెక్నీషియన్ ప్రతి మీటా సరిచూసి, సెటప్ చేసి, వాయించి చూశాకే చేతికిస్తామన్నారు. ఆన్‌లైన్లో 2,000కే దొరికింది. 300 మిగిలాయని సంబరపడ్డాను. ఫొటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సంక్రాంతి భోజనానికి వచ్చినవాళ్లందరికీ పెట్టె తెరిచి చూపించి, ధర కూడా చెప్పాను.

బొబ్బిలి నుంచి మా అమ్మ వీడియోలో చూసి ఒకటే మాట అడిగింది.

"మేళం కట్టించావురా?"

అమ్మ వీణ వాయిస్తుంది. పక్కనే గొల్లపల్లిలో పనస కర్ర తొలిచి వీణ చేస్తారు. అంతా అయ్యాక మైనం పరిచి, చెవి ఒగ్గి వింటూ 24 మెట్లనీ ఒక్కొక్కటిగా నిలబెడతారు. అదే మేళం కట్టడం. అది కానంతవరకూ వీణ కాదు, పనస దుంగే అంటుంది అమ్మ.

"ఇది కంపెనీ సరుకమ్మా. పెట్టెలోంచి తీసి వాయించుకోవడమే" అన్నాను.

కొత్త కర్ర వాద్యాన్ని ఎలా అలవాటు చెయ్యాలో చిన్నీ వాళ్ల సార్ దగ్గర నేర్చుకుంది. ఊదే ముందు కాసేపు అరచేతుల్లో పొదువుకుని వెచ్చబరిచేది. మొదట్లో రోజుకి పది నిమిషాలే వాయించి, లోపలి తడి సిల్కు గుడ్డతో తుడిచి పెట్టేసేది. ఊపిరి తడికి లోపల కర్ర ఉబ్బి, బయట పొడిగా ఉండిపోతే చీలిక వస్తుందట. నాకు ఆ జాగ్రత్త కనపడలేదు. పది నిమిషాలే కనపడ్డాయి.

మే నెల కచేరీకి సూజా మార్చ్ 'ది స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్' ఎంచుకున్నారు. 1896లో కట్టిన బాణీ, 1987 నుంచి అమెరికా జాతీయ మార్చ్. అందులో పికోలో ఒక్కటీ బ్యాండ్ మొత్తం మీదుగా పిట్టలా ఎగిరే వరస ఒకటుంది. అది వచ్చేసరికి వాయించేవాళ్లు లేచి నిలబడటం ఆనవాయితీ. ఎవరు నిలబడాలో మార్చిలో టెస్టు పెట్టి తేలుస్తామన్నారు.

చిన్నీ ఫిబ్రవరంతా కుస్తీ పట్టింది. పై స్వరాలు ఎలాగో పలికేవి. కిందికి దిగేకొద్దీ గొంతు పూడుకుపోయి ఉత్త గాలి వచ్చేది. గోళ్లు తెల్లబడేలా మీటలు నొక్కేది. ఓ రోజు అన్నం తింటుంటే చూశాను, కుడిచేతి వేళ్ల కొసల్లో గుండ్రంగా ఎర్రటి గుర్తులు పడ్డాయి.

"నాన్నా, ఎక్కడో గాలి పోతోంది. దుకాణంలో ఒకసారి చూపిద్దామా?" అంది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట" అన్నాను.

తనకి అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. ఆట రానివాళ్లు, తప్పు తమది కాదు, మద్దెల పగిలిందని చెప్పుకుంటారని. ఇంకెప్పుడూ అడగలేదు.

టెస్టులో ఆ వరస వేరే పిల్లకి వెళ్లింది. కచేరీ రోజు ఆ పిల్ల లేచి నిలబడితే హాలంతా చప్పట్లు కొట్టింది. మా చిన్నీ వెనక ఫ్లూట్ల వరసలో కూర్చుని ఉంది. ఆ వారమే పికోలో అమ్మేద్దామని ఊళ్లో దుకాణానికి తీసుకెళ్లాను. కొనే ముందు చూడాలని టెక్నీషియన్‌ని పిలిచారు. పెద్దావిడ.

పల్చటి కాగితం ముక్కని ఒక్కో ప్యాడ్ కింద పెట్టి, మీట మూసి, మెల్లగా లాగింది. గట్టిగా పట్టుకోవలసిన కాగితం రెండుచోట్ల జారి వచ్చేసింది. ఎప్పుడూ మూసే ఉండాల్సిన చిన్న మీట ఒకటి పూర్తిగా మూసుకోవడం లేదు. ఇంకోచోట, వేలితో ఒక మీట నొక్కితే జతగా రెండోది కూడా అదే క్షణంలో మూసుకోవాలి. అది కాగితం మందమంత వెనకబడింది. కింది స్వరం పలకాలంటే పైనున్నవన్నీ మూసుకోవాలి, పైన వెంట్రుకంత సందున్నా కింద గొంతు లేవదు అని చెప్పింది. కంపెనీలో సరిగ్గానే ఉండి ఉండొచ్చు, వేరే గాలికి వచ్చాక కర్ర కదులుతుంది, ప్యాడ్లు కుదురు మారతాయి, అందుకే ఎంత ఖరీదైనదైనా చేతికిచ్చే ముందు సెటప్ చెయ్యాలంది.

గంట పని. 150 డాలర్లు. సరిచేసి, అట్టడుగు 'డి' ఊదింది. నిండుగా, గుండ్రంగా, మెత్తగా పలికింది. ఐదు నెలల్లో మా ఇంట్లో ఒక్కసారీ వినని స్వరం అది.

ఆవిడ ప్యాడ్ల మీద పడ్డ లోతైన నొక్కుల్ని వేలితో తడిమి, "ఈ పాప చాలా కష్టపడింది" అంది.

అమ్మకుండానే ఇంటికి తెచ్చేశాను. చిన్నీ గదిలోకి వెళ్లి పెట్టె తన ముందు పెట్టాను.

"మద్దెల ఓడేనమ్మా. తప్పు నాది."

"తెలుసు నాన్నా. టెస్టు రోజు సార్ కూడా ఊది చూసి, ఇది లీకవుతోంది, స్కూల్ పికోలో తీసుకుని వాయించు అన్నారు."

"మరి తీసుకోలేదేం?"

పెట్టె మూత మీద వేలితో గీతలు గీస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

"నువ్వు అందరికీ చూపించావు కదా నాన్నా. మద్దెల ఓడంటే కొన్నవాళ్లకి మాట వస్తుంది. ఆట రాదంటే నాకొక్కదానికే కదా."