పర్యావరణానికి తలంటు

మా బావమరిది బాత్రూంకి గృహప్రవేశం చేశాడు. నవ్వకండి, నిజంగానే పిలిచాడు. హైదరాబాద్‌లోని నల్లగండ్లలో పదో అంతస్తు ఫ్లాటు. ఉన్న బాత్రూం కట్టి ఆరేళ్లు కాలేదు. టైల్సు పగల్లేదు, కుళాయిలు కారడం లేదు. అయినా "ఇది పర్యావరణహితం కాదు బావగారూ" అని మొత్తం పగలగొట్టించాడు. పెచ్చులూ, సిమెంటు పెళ్లలూ, నిక్షేపంలాంటి తెల్ల కమోడూ మూడు ట్రిప్పులుగా ట్రాలీ ఆటో ఎక్కి వెళ్లిపోయాయి. ఎక్కడికోయ్ అంటే "కాంట్రాక్టర్ చూసుకుంటాడు" అన్నాడు. మన ఊళ్లో ఆ మాటకి దగ్గర్లోని చెరువు గట్టు అని అర్థం.

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాం. ముందుగా నా చేతిలో వెదురు బ్రష్షు పెట్టాడు. మట్టిలో కలిసిపోతుందట. పిడి కలుస్తుంది, సరే. మరి కుచ్చు? అట్టపెట్టె తిప్పి చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో నైలాన్ అని ఉంది. నైలాన్ కుచ్చు బ్రష్షు అమెరికాలో 1938లోనే బజారుకొచ్చింది. అంతకుముందు పంది వెంట్రుకలు వాడేవారు. అంటే ఎనభై ఏళ్లు దాటిన ప్లాస్టిక్కుకి కొత్తగా కర్ర తొడిగారన్నమాట. చిరుగుల బనీను మీద పట్టు కండువా.

పక్కన బీరపీచు. మా దొడ్లో పాదు మీదే ముదిరి, ఎండి, లోపల గింజలు గలగల్లాడుతూ వేలాడేది. అడిగినవాళ్లకి ఊరికే ఇచ్చేవాళ్లం. ఇక్కడ దాని మీద 349 రూపాయల చీటీ ఉంది. ఆ పక్కన కుంకుడుకాయ సబ్బు. సబ్బు కాగితంలో, కాగితం అట్టపెట్టెలో, అట్టపెట్టె బుడగల ప్లాస్టిక్‌లో, అదంతా కొరియర్ వాడి జిగురు సంచిలో. సబ్బు మీద మాత్రం "ప్లాస్టిక్ రహితం" అని ముద్ర. అబద్ధం కాదు. సబ్బులో ప్లాస్టిక్ లేదు.

అసలు వైభవం పైన ఉంది. పెసరట్టు పెనమంత షవరు. "వానలో తడిసినట్టుంటుంది బావగారూ, ప్రకృతికి దగ్గరైనట్టుంటుంది." నాకో పాడు అలవాటుంది, ఇలాంటి మాట వింటే లెక్క చూడాలనిపిస్తుంది. ఇరవై లీటర్ల బకెట్టు కింద పెట్టి గడియారం చూశాను. నిండడానికి నిమిషంన్నర పట్టలేదు. మావాడి స్నానం పది నిమిషాలు. అంటే 130 లీటర్ల పైమాట. మన దేశంలో నీటి పథకాలు వేసే ఇంజినీర్లు, భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు, మహానగరాల్లో 150 లీటర్లు అని లెక్క కడతారు. అది తాగడానికీ, వండడానికీ, ఉతకడానికీ, అన్నిటికీ కలిపి. మావాడు పొద్దున్న ఏడున్నరకల్లా ఆ కోటా దాదాపు ఖాళీ చేసి, ప్రకృతి ఒళ్లోంచి తువ్వాలు చుట్టుకుని బయటికొస్తాడు.

చలికాలం వేడినీళ్లు కావాలి కదా. ఆ 130 లీటర్లను పాతిక డిగ్రీల నుంచి నలభైకి తేవాలంటే రెండు యూనిట్లకు పైగా కరెంటు కాలుతుంది. ఒక బకెట్టుకి యూనిట్‌లో మూడో వంతు చాలు. "మా గీజరు ఫైవ్ స్టార్!" అన్నాడు గర్వంగా. ఆ నక్షత్రాలు ఇచ్చేది గీజరు ఊరికే ఉన్నప్పుడు ఎంత తక్కువ వేడి పోగొట్టుకుంటుందో చూసి. దాని కింద నిలబడ్డ పెద్దమనిషికి అవి వర్తించవు.

నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయోయ్ అని అడిగాను. "సంపులోంచి" అన్నాడు. 1920లో గండిపేట చెరువు కట్టినప్పుడు నీళ్లు పల్లానికి జారి ఊళ్లోకి వచ్చేవి. ఇప్పుడు కృష్ణ నుంచి వంద కిలోమీటర్ల పైన, గోదావరి నుంచి నూట ఎనభై కిలోమీటర్ల పైన మోటార్లు ఎత్తిపోస్తేనే ఈ నగరానికి చాలావరకు నీళ్లు. ఎండాకాలం అవీ చాలక ట్యాంకరు. సంపులోంచి పదో అంతస్తు పైకి మరో మోటారు. ఇంత దూరం వచ్చిన నీళ్లకి మా వాడింట్లో దక్కే ఆతిథ్యం పది నిమిషాలు.

మా అమ్మమ్మ రెండు బిందెల నీళ్లతో పిల్లాడికి తలంటు పోసేది. ఆ నీళ్లు తూములోంచి నేరుగా అరటిపాదుకి పోయేవి. ఎవరూ దాన్ని పునర్వినియోగం అనలేదు. అలాగని ఆ రోజులు స్వర్గమంటే ఒప్పుకోను. అమ్మమ్మ పొదుపు పర్యావరణం మీద ప్రేమతో పుట్టింది కాదు, చేంతాడు లాగిన చేతుల నొప్పితో పుట్టింది. తోడినవాళ్లకి నీళ్ల బరువు తెలుసు. తాతయ్య మాత్రం తోడినవాడు కాడు, గంగాళం ఖాళీ చేసి "ఇంకో బిందె" అని కేకేసేవాడు. మా బావమరిది ఆయన వారసుడు, మోటారు అతని అమ్మమ్మ.

మెచ్చుకోవలసింది ఒకటుంది, దాచను. రెండు బటన్ల ఫ్లష్. చిన్నదానికి మూడు లీటర్లు, పెద్దదానికి ఆరు. నిజంగా మంచి వస్తువు. కాకపోతే ఏది దేనికో ఇంట్లో ఎవరికీ తెలియక రెండూ కలిపి నొక్కుతున్నారు. పారేసిన పాత ట్యాంకులోనే లీటరు సీసాలో నీళ్లు నింపి, మూత బిగించి నిలబెట్టి ఉంటే నొక్కినప్పుడల్లా లీటరు మిగిలేది. సీసా ఖర్చు సున్నా. అందుకే ఆ ఉపాయానికి ప్రచారం లేదు, సున్నా రూపాయల సరుకు ఎవడమ్ముతాడు?

నేనేం తక్కువ తినలేదు లెండి. ఇంటికొచ్చి ఇదంతా మా ఆవిడకి వర్ణిస్తుంటే, మాట మధ్యలోనే వంటింట్లోకెళ్లి బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు తెచ్చి మా ఫ్లష్ ట్యాంకులో పోసింది. పావుగంట ఎవరినీ అటు వెళ్లనివ్వలేదు. తర్వాత చూస్తే కమోడు గోడ మీద సన్నగా గులాబీ రంగు చార. ఎన్ని నెలలుగా కారుతోందో. రబ్బరు వాషరు మార్చడానికి ముప్ఫై రూపాయలైంది. ఆ తర్వాత మూడు రోజులు నేను మా బావమరిది ప్రస్తావన తేలేదు.

మా బావమరిది అపార్ట్‌మెంటు ప్లానులో ఇంకుడు గుంత ఉంది. నీరు, నేల, చెట్ల కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం పుణ్యమా అని కాగితం మీద అందరికీ ఉంటుంది. ఇక్కడి గుంతని పార్కింగ్ చాలడం లేదని సంఘంవాళ్లు పూడ్చి, సిమెంటు చేసి, రెండు స్కూటర్లకి గీతలు గీశారు. మీటింగులో చేయెత్తినవాళ్లలో మా వాడూ ఉన్నాడు.

మొన్న వానపడ్డ మర్నాడు అటుగా వెళ్తే చెరువు గట్టున ఆ తెల్ల కమోడు కనిపించింది, అంచుదాకా వాననీళ్లతో. ఆ అపార్ట్‌మెంటు సరుకులో వాననీటిని పట్టి నిలిపింది అదొక్కటే.