నిండు సీసా

మూడో వాటర్ బెల్ మోగింది. ఏడో తరగతి పిల్లలంతా సీసాలెత్తి నోటికి పెట్టుకున్నారు. 2019లో కేరళ బడుల్లో మోగిన ఈ గంట, ఆ తర్వాత తెలుగు బడులకూ వచ్చింది. అది సరిగా అమలవుతోందో లేదో చూడ్డానికి వచ్చిన ఎంఈఓ మేడం గుమ్మంలో నిలబడ్డారు.

మగపిల్లల సీసాలు ఖాళీ అయ్యాయి. ఆడపిల్లల సీసాలు ఎంత నిండుగా లేచాయో అంత నిండుగా దిగాయి.

మేడం ముందు బెంచీ పిల్ల సీసా అందుకున్నారు. మెడ దాకా నీళ్ళు.

"పొద్దుట్నుంచి తాగలేదా అమ్మా?"

ఆ పిల్ల తల వంచుకుంది. పక్క పిల్ల చెప్పింది.

"తాగితే వెళ్ళాల్సొస్తుంది మేడం."

మేడం మరుగుదొడ్ల వైపు నడిచారు. వెనకే హెడ్మాస్టరు, ఆ వెనక ఇద్దరు పిల్లలు.

గోడలకు తెల్లటి టైల్స్. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి. సబ్బు ఉంది. మూతున్న చెత్తబుట్ట ఉంది. 40 మందికి ఒకటి అన్న లెక్కా సరిపోయింది. మేడం ఫారంలో వరసగా టిక్కులు పెట్టుకుంటూ వచ్చారు.

చివరికి లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు. అది మెల్లగా తెరుచుకుంది. మళ్ళీ వేశారు. మళ్ళీ తెరుచుకుంది.

గడియ ఉండాల్సిన చోట నాలుగు స్క్రూల చిల్లులున్నాయి.

"ఎప్పుడూడింది?"

"నాతో ఎవరూ అనలేదు మేడం" అన్నారు హెడ్మాస్టరు.

"దసరాకి ముందు" అంది పిల్ల. సంక్రాంతి సెలవులు ఇంకో వారంలో ఉన్నాయి. "ఒకళ్ళు లోపలికెళ్తే ఇంకొకళ్ళు బయట తలుపు పట్టుకోవాలి మేడం. ఇంటర్వెల్ పది నిమిషాలే."

మేడం ఫారం తిరగేశారు. తలుపుకు గడి ఉంది. గడియకు లేదు. ఖాళీ జాగాలో తన చేత్తో రాశారు.

హెడ్మాస్టరు అప్పటికప్పుడు మనిషిని బజారుకు పంపారు. గడియ అరవై రూపాయలు. మేడం దగ్గరుండి బిగింపించారు. లోపలికెళ్ళిన పిల్ల గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది.

మేడం కారెక్కేసరికి నాలుగున్నర. పొద్దుట్నుంచి అది నాలుగో బడి.

"ఈ నీళ్ళు వేడెక్కిపోయాయి మేడం, పారబోసి వేరేవి పట్టమంటారా?" అన్నాడు డ్రైవరు, సీటు పక్కనున్న లీటరు సీసా చూపించి.

"ఉండనీ బాబూ. ఇంటికెళ్ళాక తాగుతాను."

పొద్దున్న ఎనిమిదింటికి కొన్న సీసా. మూత సీలు విప్పలేదు.